పథ్యంతో చిక్కిపోయిన మనుషులు

నా ఉద్యోగంలో రోగులకి నేను రాసిన బార్లీ నీళ్లన్నీ ఒకచోట పోస్తే ఏలూరు కాలవలో ఒక పూట పడవ నడిచేది. ఇది గొప్పకి చెప్పుకునే మాట కాదు.

పోయిన నెల ఆసుపత్రి వాళ్లు నన్ను సాగనంపుతూ చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. మాట్లాడిన వాళ్లంతా, కూడబలుక్కున్నట్టు, ఒకే మాట అన్నారు: “రాచపుండు రోగులకి మందుకంటే ముందు అన్నం పెట్టిన డాక్టరు” అని. రాచపుండు అంటే ఇప్పుడు మీరు క్యాన్సరు అంటున్నదే. యాభై అయిదేళ్లకే ఇంత మంచివాణ్ణి ఎప్పుడైపోయానా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆ పొగడ్త నా ఉద్యోగంలో తర్వాతి ఏళ్లకి సరిపోతుంది. మొదటి కొన్నేళ్లు నేను వాళ్లకి అన్నం పెట్టలేదు. పెట్టబోయిన వాళ్లని పెట్టనివ్వలేదు.

సభ అయ్యాక, ఈ ఏడే చదువు ముగించి చేరిన డాక్టర్లు ఇద్దరు నా దగ్గరికొచ్చి, “మీ పద్ధతి ఎలా మొదలైందో రాయండి సార్” అన్నారు. రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, జీతం ఎంత పెరిగింది, ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు లాంటివి వదిలేస్తాను. అవి ఎవరికీ పనికిరావు. నాకే పెద్దగా పనికిరాలేదు.

మా వంటింటి వైద్యం

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బియ్యానికీ, చక్కెరకీ, కిరసనాయిలుకీ రేషను. మా ఊరిని అందరూ బెజవాడ అనే అనేవారు. గవర్నరుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను చిన్న డాక్టర్ని. ఆసుపత్రి యజమానిని ఊరంతా పెద్దయ్యగారు అనేది. సర్కారు ఉద్యోగం చేసి వచ్చిన సర్జను. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. నేను చేరిన రోజే పని పంచేశారు.

“కత్తి నాది, కంచం నీది శాస్త్రీ. నా కత్తిలో నువ్వు వేలు పెట్టొద్దు. నీ కంచంలో నేను పెట్టను.”

కంచం అంటే పథ్యం. ఆ రోజుల్లో మన వైపు రోగి డాక్టర్ని మొదట అడిగేది మందు గురించి కాదు, “పథ్యం ఏందండీ?” అని. ఏదైనా తినొచ్చు అన్నవాడు డాక్టరే కాదు. ఎన్ని ఎక్కువ వద్దంటే అంత గొప్ప డాక్టరు. నాకు గొప్ప డాక్టరు కావాలని ఉండేది.

మొదట నీచు కొట్టేసేవాణ్ణి. చేప తింటే పుండు చీము పడుతుంది. పప్పు వాతం. పెరుగు శ్లేష్మం. నెయ్యి అరగదు. వంకాయ దురద. గోంగూర పేరే ఎత్తొద్దు. ఇవన్నీ పోగా మిగిలేవి బార్లీ నీళ్లు, జావ, పాత బియ్యపు మెత్తటి అన్నం, బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు.

ఇదంతా వైద్య కళాశాలలో చెప్పారనుకునేరు. అక్కడ ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మాకు జ్వరం వస్తే మా అమ్మ పెట్టిన పథ్యం ఇది. నాలుగు రోజుల జ్వరానికి దీనివల్ల నష్టం లేదు. నెలల తరబడి లోపల్నించి కరిగిపోతున్న మనిషికి ఇదే పెడితే ఏమవుతుందో మా అమ్మకి తెలియాల్సిన పని లేదు. నాకు ఉంది. నీచు తాకని ఇంట్లో పుట్టినవాణ్ణి, మా వంటింటి మడిని వైద్యశాస్త్రం అనుకుని చేపలు తినే ఊళ్లన్నిటికీ రాసిచ్చాను.

దీనికి తోడు ఇంకో నమ్మకం. రోగికి బలమైన తిండి పెడితే ఆ తిండి పుండే తిని పెరుగుతుందని. ఎవరు మొదట అన్నారో తెలీదు. అందరూ అనేవారు. నేనూ అన్నాను, కాకపోతే మెడలో స్టెతస్కోపు వేసుకుని అన్నాను.

పోలమ్మ

పోలమ్మ బందరు వైపు సముద్రపు పల్లె మనిషి. తెల్లారి రైల్లో చేపల బుట్టలతో బెజవాడ వచ్చి అమ్ముకుని సాయంత్రం బండికి వెళ్లేది. బండి కూత వేస్తున్నా ఆవిడ బేరం వినపడేది. ఆ పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట తాగేటప్పుడు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు, గాలికి ఆరిపోకుండా. అడ్డపొగ అంటారు. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలి ఆవిడ అంగిట్లో పుండు పడింది.

దానికి అప్పట్లో వైద్యం మద్రాసులోనే ఉండేది. పుండులో రేడియం సూదులు గుచ్చేవారు. పెద్దయ్యగారు ఆవిణ్ణి పంపిస్తే, అక్కడివాళ్లు చూసి తిప్పి పంపారు. సూదులు గుచ్చాక కొన్నాళ్లు నోరంతా పుండై ముద్ద దిగదు. ఆ రోజులు గడవాలంటే ఒంట్లో కండ నిలవ ఉండాలి. “ఎముకలు తప్ప ఏమీ లేవు. ఒళ్లు చేయించి తీసుకురండి, అప్పుడు చూస్తాం” అన్నారు. ఆ ఒళ్లు చేయించే పని నా కంచానికి వచ్చింది.

నేను నా పథ్యం చదివాను. ఆవిడ చెంబులోకి తొంగి చూసింది.

“ఇయ్యి నీళ్లా మందా బాబుగోరూ?”

“బార్లీ. చాలా బలం.”

“బలమైతే, ఇయ్యి తాగి మీరిట్టా ఉన్నారేందండీ?”

అప్పట్లో నేను గాలికి ఎగిరేటట్టు ఉండేవాణ్ణి. నర్సు నవ్వింది. నేను గొంతు పెంచాను.

“చేప ముట్టుకోవద్దు. చీము పడుతుంది.”

“అట్టాగైతే మా పేటలో పుట్టినోళ్లందరికీ చీమే పట్టాల గదండీ!”

“పోలమ్మా, నువ్వు బతకాలా వద్దా?”

ఆవిడ కాసేపు నన్ను చూసి, పక్కన నిలబడ్డ మొగుణ్ణి చూసింది. అతని పేరు కొండయ్య. మాటలన్నీ పెళ్లాం వాడేసుకుంటే మిగిలినవాటితో సర్దుకునే మనిషి.

“సరే బాబుగోరూ. మీ మాటే” అంది.

నా వాక్చాతుర్యానికి నేనే మురిసిపోయాను. చేపల బజారులో బేరమాడే మనిషి అంత తేలిగ్గా ఒప్పుకుందంటే అనుమానించాల్సింది. ఆ బుద్ధి నాకు లేకపోయింది.

మా ఆసుపత్రిలో వంట లేదు. రోగుల తిండి వాళ్ల వాళ్లే తెచ్చుకునేవారు. కొండయ్య రోజూ ఇత్తడి చెంబుకి గుడ్డ కట్టి తెచ్చేవాడు. “ఏంటది?” అంటే, “బార్లీ అండీ” అనేవాడు. రాగానే మంచం చుట్టూ సాంబ్రాణి ధూపం వేసేవాడు. వార్డు వార్డంతా పొగ. అడిగితే, “అమ్మోరికి మొక్కుకున్నామండీ. పూటపూటా ఎయ్యాల” అన్నాడు.

నేను కదిలిపోయాను. పెద్దయ్యగారితో, “ఎంత భక్తి సార్ వాళ్లది!” అన్నాను.

ఆయన ముక్కు ఎగబీల్చి, మంచం కింద కూర్చున్న పిల్లుల వైపు చూశారు. “ఔనోయ్, పిల్లులక్కూడా బాగా కుదిరినట్టుంది భక్తి” అన్నారు.

వార్డులో పిల్లులు ఎక్కువయ్యాయని నేను వాచ్‌మన్‌ని కేకలేసిన మాట నిజం. అవి కూడా ఒళ్లు చేస్తున్నాయని మాత్రం గమనించలేదు.

మిల్లు కాటా

మనుషుల్ని తూచే యంత్రం మాకు లేదు. కాలవ ఒడ్డున ఉన్న రైసు మిల్లుకి తీసుకెళ్లి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేవాళ్లం. గుమాస్తా మణుగుల్లో, వీశెల్లో కేకేసి చెప్పేవాడు. మొదటిసారి పోలమ్మని నిలబెట్టినప్పుడు అలవాటు కొద్దీ, “తేమకి తరుగు తీయమంటారాండీ?” అన్నాడు. తడి వడ్లకి బరువులో కొంత తగ్గించి లెక్క కట్టడం మిల్లు వ్యాపారంలో మామూలు.

“నన్ను తరుగు తీసేదెవడురా!” అంది పోలమ్మ. బస్తాలు మోసేవాళ్లు కూడా ఆగి నవ్వారు.

రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ మూడు వీశెలు, అంటే ఇప్పటి లెక్కలో నాలుగు కిలోల పైన, పెరిగింది. బుగ్గలు నిండాయి. గొంతు బందరు రైలు నాటి స్థాయికి వచ్చింది. మద్రాసు వాళ్లు ఈసారి తీసుకున్నారు. సూదులు గుచ్చారు. నోరు పుండై చాలా బాధపడింది కానీ తట్టుకుంది.

ఇక్కడ నా తల తిరిగింది. బార్లీతో రాచపుండు రోగికి కండ పట్టించిన డాక్టర్ని నేనొక్కణ్ణే అనుకున్నాను. కంకిపాడు నుంచి మైలవరం దాకా ఎవరు వచ్చినా పోలమ్మ కథ చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ బార్లీ చిక్కబడేది.

భావనారాయణగారు

ఆ కథ పెడన దాకా పోయింది. అక్కణ్ణించి భావనారాయణగారు భార్య సీతారావమ్మగారితో వచ్చారు. ఆయనది నేతపని. మగ్గం గుంటలో కూర్చుంటే రెండు చేతులకీ పనే. చుట్ట పట్టుకునే వీలుండదు. అందుకని పొగాకు దవడన పెట్టుకుని నేసేవారు. పెట్టుకున్న చోటే లోపల పుండు లేచింది. చిన్నదే. మనిషి కాస్త నలిగి ఉన్నా, పోలమ్మ వచ్చినప్పటికంటే చాలా నయం. నేతగాడి భుజాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. మోచేతి పైన కుడి దండకి వెండి కడియం బిగుతుగా పట్టి ఉండేది.

పెద్దయ్యగారు చూసి, “ఇతను సూదులకి తట్టుకుంటాడు. రేపటి మెయిలు బండికి మద్రాసు పంపించేద్దామా?” అన్నారు.

“రెండు నెలలు నాకివ్వండి సార్. పోలమ్మని చూశారుగా. ఇంకా బాగా తయారుచేసి పంపుతాను” అన్నాను.

ఆయన, “కంచం నీది” అన్నారు.

ఆ రెండు నెలలు ఎవరూ నన్ను అడగలేదు. నేనే అడిగి పుచ్చుకున్నాను.

భావనారాయణగారిలాంటి రోగి మళ్లీ దొరకడు. చెప్పింది చెప్పినట్టు చేసేవారు. “మగ్గం మీద ఒక్క పోగు తప్పితే చీర చెడుతుందండీ. పథ్యమూ అంతేగా” అనేవారు. బార్లీ నేను చెప్పిన పాళ్లలోనే కాయించుకునేవారు. ఒకరోజు సీతారావమ్మగారు ఉండబట్టలేక గరిటెడు పెరుగు తెచ్చారు.

“ఒక్క ముద్ద కలుపుకోండి. ఎవరు చూడొచ్చారు?”

“డాక్టరుగారు వద్దన్నారు గదే. చూస్తేనే వద్దన్నట్టా?”

తలుపు దగ్గర నిలబడి అది విన్నాను. పొంగిపోయాను. ఆయన మంచం దగ్గర సాంబ్రాణి లేదు, పిల్లులూ లేవు. వార్డు శుభ్రపడిందని అనుకున్నాను.

రెండో నెలలో ఒకరోజు సీతారావమ్మగారు నన్ను వరండాలో ఆపారు.

“కాళ్లు బానే ఉన్నయ్యండీ. చేతులే ఇట్టా అయిపోతన్నయ్యేందండీ? కణతలు కూడా లోపలికి పోయినయ్యి.”

“కాటా మీద బరువు పెరుగుతోందమ్మా. నిన్ననేగా తూచాం.”

“అట్టాగాండీ” అన్నారు. ఆవిడ నన్ను నమ్మారు. నేను కాటాని నమ్మాను.

ఆ సాయంత్రం దండకడియం మోచేతి దాకా జారిపోతుంటే, భావనారాయణగారు దానికి నూలు చుట్టలు చుట్టి పైకి బిగించుకుంటూ కనిపించారు. “నూలు మన దగ్గర కరువేముందండీ” అని నవ్వారు. నేనూ నవ్వాను.

అరటిపళ్లు

మద్రాసు నుంచి కోలుకుని వచ్చిన పోలమ్మ ఒకరోజు నెత్తిన బుట్టతో దిగింది. పెద్దయ్యగారికి పండుగొప్ప చేప, నాకు అరటిపళ్ల గెల.

“మీరు తినరుగా బాబుగోరూ, అందుకని” అంది.

నేను ఆవిణ్ణి వార్డులోకి తీసుకెళ్లి భావనారాయణగారికి చూపించాను, సంతలో గేదెని చూపించినట్టు. “చూడండి. మీరూ ఇలాగే అవుతారు” అన్నాను. ఆయన పడుకునే దణ్ణం పెట్టారు. పోలమ్మ నవ్వబోయి, ఆ చేతులు చూసి ఆగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాగింది.

“ఆయనకేం పెడతన్నారండీ?”

“నీకు పెట్టిందే.”

“నాకు పెట్టిందంటే... కొర్రమీనా?”

నాకు అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కోప్పడమాకండి బాబుగోరూ. కొండయ్య చెంబులో కొర్రమీను పులుసు తెచ్చేవోడు. ముళ్లు తీసేసి, మెత్తటి అన్నంలో పిసికి, పొద్దుటేళ గుడ్డు గిలక్కొట్టి... గడియకి ఇంత, గడియకి ఇంత. ఒక్కసారే దిగేది కాదుగా.”

“మరి సాంబ్రాణి?”

“వాసన రాకుండానండీ.”

“మరి బార్లీ?”

“పిల్లులకి పోశామండీ. అయ్యి గూడా తాగలా.”

నా గురించి ఎవరైనా రాసిన సర్టిఫికెట్లన్నిటిలో ఇంత నిజమైనది లేదు. అరటిగెల చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పోలమ్మ ఇక నవ్వలేదు.

“ఆయన నిజంగా తాగుతన్నాడాండీ?” అంది.

బొటనవేలు

పెద్దయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన భావనారాయణగారి పాదం పైన, ఎముక మీద బొటనవేలు నొక్కిపట్టి తీశారు. గుంట పడింది. మళ్లీ పూడలేదు. ముంజేతిని రెండు వేళ్లతో చుట్టి చూశారు. భుజం మీద చెయ్యి వేస్తే ఎముక తగిలింది. వరండాలోకి వచ్చాకే నోరు విప్పారు.

“కాటా మీద పెరిగింది కండ అనుకున్నావా? నీళ్లోయ్. తిండి లేక పట్టిన నీరు. మిల్లువాడు తడి వడ్లకి తరుగు తీస్తాడు. నువ్వు తీయలేదు.”

ఇంకో మాట అంటారనుకున్నాను. అనలేదు. “పోలమ్మ చెంబులో ఏముందో నాకు మొదటివారమే తెలుసు. నువ్వు ఎప్పుడు పసిగడతావా అని సరదాగా చూశాను. చెప్పాల్సింది” అన్నారు. ఆయనకి నా మీద వేసే ఛలోక్తులంటే చాలా ఇష్టం. ఆ తర్వాత చాలాకాలం ఒక్కటీ వేయలేదు.

పై అధికారుల గురించి కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. మిమ్మల్ని తిట్టేవాడివల్ల నష్టం లేదు. మీ పొరపాటు చూసి నవ్వుకుని ఊరుకునేవాడితో జాగ్రత్త. ఎంత మంచివాడైనా సరే.

వార్డులోకి వెళ్లి భావనారాయణగారి మంచం మీద కూర్చున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలనే వెళ్లాను. ఆయన ముఖం చూశాక నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“మొదటి పథ్యం పూర్తయిందండీ. ఇవాళ్టి నుంచి రెండో పథ్యం. ఇంట్లో అందరూ తినేది తినాలి. మెత్తగా చేసుకుని.”

ఆయన మోచేతుల మీద లేచి కూర్చున్నారు.

“అయితే పెరుగు పోసుకోవచ్చాండీ?” అన్నారు.

ముద్దలు

మొదటి రోజే ఆత్రంగా కంచం నింపి పెట్టించాను. కడుపు తిరగబడింది. పెద్దయ్యగారు, “అన్నాళ్లు ఎండగట్టి ఒక్కరోజులో పూడుస్తావా?” అని, కొంచెం కొంచెంగా, మాటిమాటికి పెట్టమన్నారు. పప్పు, నెయ్యి, పెరుగు, గుడ్డు, చేప. వాళ్లింట్లో ఆదివారం చేపలు మామూలేనట. నేను వద్దన్నానని మానేశారట. గోడ పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాం, ఎందుకంటే కదలని కండకి తిండి పెట్టినా నిలవదు. చేపలు పోలమ్మే పంపేది. డబ్బులిస్తే కొండయ్య మాటల్లేకుండా వెనక్కి తోసేవాడు.

ఒంట్లో నీరు తగ్గుతున్న కొద్దీ మిల్లు కాటా మీద బరువు పడిపోయింది. “సరుకు తగ్గిందండీ!” అని గుమాస్తా కంగారుపడ్డాడు. కాటా తగ్గితే సంతోషించడం నాకు అదే మొదలు. తర్వాత మెల్లిగా పెరగసాగింది. ఈసారి కాళ్లు కాదు, చేతులు. భావనారాయణగారు కడియానికి చుట్టిన నూలు ఒక చుట్టు విప్పి నాకు చూపించారు. ఆయన ముఖంలో అంత గర్వం అంతకుముందు చూడలేదు.

మీలో ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నాకు తెలిసింది ఇక్కడే చెప్పేస్తాను. కాటా చూడండి, కానీ కాటాతో ఆగొద్దు. కణత చూడండి, దండ పట్టుకోండి, తొడ పట్టుకోండి, మనిషిని చేతులు ఊతం లేకుండా లేచి నిలబడమనండి. పాదం నొక్కి చూడండి. రోగి ఇంట్లో ఏం వండుకుంటారో అడిగి అందులోంచే పెట్టండి. మీ ఇంట్లో వండుకునేది కాదు. పుండుకి మేత అవుతుందని తిండి మాన్పించొద్దు. మనం పెట్టకపోయినా అది మనిషి కండనే తింటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ కథ చిక్కబడుతుంది. ఆ తర్వాతి కాలంలో కడుపునిండా పెట్టినా కరిగిపోయిన వాళ్లని చాలామందిని చూశాను. ఈ రోగంలో చిక్కిపోవడంలో రోగం తినేది కొంత, మనం తిననివ్వనిది కొంత. మొదటిది చాలాసార్లు మన చేతిలో ఉండదు. అలాంటప్పుడు “సరిగ్గా పెట్టలేదు” అని ఇంటివాళ్లని తిట్టొద్దు. చివర్లో ముద్ద వద్దని తల తిప్పేసిన మనిషి నోట్లో కుక్కొద్దు. రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలోదే.

మద్రాసు

మెయిల్లో నేనే వాళ్లని తీసుకెళ్లాను. బండి నిండా సిపాయిలు. ఒక సిపాయి లేచి సీతారావమ్మగారికి చోటిచ్చాడు. ఆవిడ దారంతా పెరుగన్నం మెత్తగా కలిపి ఇంతింత ముద్దలు పెడుతూనే ఉన్నారు. భావనారాయణగారు నెల్లూరు దాటాక, “ఇంక చాల్లేవే, అక్కడికెళ్లేసరికి సూదులు దిగవు” అన్నారు. నవ్వితే దవడ నొప్పి. అయినా నవ్వారు.

అక్కడి పెద్ద డాక్టరుకి తెలుగు రాదు. ఇంగ్లీషులో నాతో మాట్లాడాడు. భావనారాయణగారి భుజాలు చూశాడు, లేచి నడవమన్నాడు. నోట్లో దీపం వేసి చాలాసేపు చూశాడు. వేలు పెట్టి దవడ ఎముక వెంబడి తడిమాడు. చేతులు కడుక్కుంటూ రెండే రెండు మాటలు చెప్పాడు.

ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు.

“ఏమన్నారండీ?” అన్నారు సీతారావమ్మగారు.

“ఒళ్లు బాగా కోలుకుందన్నారమ్మా. సూదులు తట్టుకునే బలం ఉందన్నారు” అన్నాను. “కాకపోతే ఈ పుండుకి సూదులు పనికిరావట.”

భావనారాయణగారు నాకు రెండు చేతులూ జోడించారు. “ఒళ్లు కోలుకుందన్నారుగా. అది తమరి చలవేనండీ” అన్నారు.

ఆయన పెడన వెళ్లిపోయారు. కొన్ని నెలలు తిన్నారు, తిరిగారు, మధ్యమధ్య గుంటలోకి దిగి కాసేపు నేశారు కూడా. ఆ నెలలు తిండి ఇచ్చినవే, అందులో సందేహం లేదు. తర్వాత పోయారు. ఆ కుటుంబంలో ఇప్పటికీ ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా నా దగ్గరికే వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ, “మా పెదనాన్న కోసం మీరు చెయ్యనిదంటూ లేదని మా పెద్దమ్మ చెబుతుందండీ” అంటారు.

మద్రాసు డాక్టరు చెప్పిన రెండు మాటల్లో మొదటిది ఆ రోజే తెలుగులో చెప్పాను. రెండోది ఇది: “పుండు ఎముకలోకి దిగిపోయింది. రెండు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే నయం చేయడానికి వీలుండేది.”

సీతారావమ్మగారు పెడనలోనే ఉన్నారు. ఆవిడకి చదువు రాదు. ఇది అచ్చయ్యాక ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అంతకుముందే వెళ్లి నేను చదవాలి.